నేస్తం చక్రాలు

మా ఇంట్లో డిగ్రీ ప్యాసైన మొదటి మనిషిని నేను. మా ఇంట్లోనే కాదు, మా ఊళ్ళో. ఊళ్ళోనే కాదు, పక్కన పారే గెడ్డకి అటూ ఇటూ ఉన్న పల్లెలన్నిట్లో. ఈ మాట చెప్పకుండా నేను ఏ కబురూ మొదలుపెట్టలేను. ఆ రోజుల్లో బస్సులో పక్క సీటు మనిషి "ఎందాకా?" అని అడిగినా, ఊరి పేరుతో పాటు ఇది కూడా చెప్పేసేదాన్ని. ఇప్పుడు బళ్ళో పంతులమ్మని కాబట్టి కొంచెం తగ్గించుకున్నాను. కొంచెమే.

అలాంటిదాన్ని, ఆ కబురు నోటి నిండా పెట్టుకుని కొండెక్కి ఇంటికొచ్చి, మర్నాడు పొద్దెక్కే దాకా ఎవరికీ చెప్పలేకపోయానంటే నమ్ముతారా? చెప్పడానికి నేను సిద్ధమే. వినేవాళ్ళే లేరు. అందరి కళ్ళూ నా చేతుల్లో ఉన్న రెండు సైకిలు చక్రాల మీదే ఉన్నాయి.

చక్రాల సంగతి తెలియాలంటే ముందు సైకిలు సంగతి తెలియాలి.

మా అయ్య సంతల మనిషి. కొండవాలులో చోళ్ళూ సామలూ పండే నేల చెక్క ఒకటి ఉంది గానీ అది మా కడుపులకి ఏడాది పొడుగునా సరిపోయేది కాదు. మిగతా భారం ఉప్పు మీదా ఎండుచేపల మీదా ఉండేది. అరకు స్టేషను దగ్గర కొని, డుంబ్రిగుడ సంతలోనూ, దారిలో పడే పల్లెల్లోనూ అమ్మేవాడు. మొదట్లో కావిడి మోసేవాడు. ఆయన కుడి భుజం మీద ఇప్పటికీ నిమ్మకాయంత గట్టి కాయ ఉంటుంది. చిన్నప్పుడు నేను దాన్ని పట్టుకునే ఆయన వీపెక్కేదాన్ని.

రైలు లైను పని అయిపోయి పనివాళ్ళు కొండ దిగిపోయినప్పుడు ఒక సైకిలు లోయలో పడి ఉండిపోయింది. ఎవరో మేస్త్రీది. గట్టు మీంచి జారి, మధ్య చట్రం వంగిపోయి, చక్రాలు నలిగిపోయి ఉంటే వదిలేసి పోయారు. మా అయ్య దాన్ని భుజాన వేసుకుని గెడ్డ అవతల ఉన్న కమ్మరి ఇంటికి తీసుకుపోయాడు. ఆ కమ్మరి కత్తులూ గొడ్డళ్ళూ చేసేవాడే గాని అంతవరకు సైకిలుని ముట్టుకున్నవాడు కాదు. అయినా వద్దనలేదు. కొలిమిలో కాల్చి చట్రం సరిచేశాడు. వెనక భాగం చిన్నదిగా ఉంది, ఉప్పు బస్తా ఆగదని చెప్పి ఇనపగొట్టాలు అతికి పొడుగు చేశాడు. పెడళ్ళు టేకు చెక్కతో చెక్కాడు. ఇక చక్రాలు. పాత రిమ్ములు కాల్చి, కొట్టి గుండ్రం చేశాడు. పుల్లలకి కంచె తీగ సాగదీశాడు. ట్యూబులు దొరకవు, దొరికినా గాలి కొట్టేవాడు లేడు. అందుకని టైర్ల లోపల వరిగడ్డి తాడు పేని కుక్కాడు.

అది ఏ కంపెనీ సైకిలూ కాదు. మా అయ్య బరువుకీ, ఆయన బస్తాకీ, మా దారికీ కొలిచి కట్టిన సైకిలు. రాయి మీద ఎక్కితే గలగలమనేది, దిగితే గరగరమనేది. వానాకాలం గడ్డి నాని టైర్లు ఉబ్బేవి, ఎండితే కుంగేవి. అయ్య కొండ మలుపులో ఉండగానే ఆ చప్పుడు మా ఇంటికి వినబడేది. అది విని అమ్మ అంబలి కుండ పొయ్యి మీద పెట్టేది. సంతలోనూ అంతే. అయ్య ఎప్పుడూ "ఉప్పో" అని కేకెయ్యలేదు. చక్రాలే కేకేసేవి.

సైకిలు తయారైన రోజునే వాళ్ళిద్దరూ నేస్తం కట్టుకున్నారు. మా కొండల్లో నేస్తం అంటే ఉత్త స్నేహం కాదు. పదిమంది ముందు ఒకరికొకరు బియ్యం చల్లుకుని, ఒకరి తలపాగా ఒకరికి చుట్టి కట్టుకునేది. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోటితో అనకూడదు. "నేస్తం" అనే పిలుచుకోవాలి. ఆయన నాకు పెద్దయ్య అయ్యాడు. ఆయన పేరు ఇక్కడ నేనూ రాయను. ఇది అచ్చైతే మా అయ్య నాచేత చదివించుకుని వింటాడు మరి.

నేస్తం కట్టుకున్నప్పుడు ఒకరు ఒకరికి ఈవి, అంటే కానుక, ఇచ్చుకోవాలి. మా అయ్య ఒక ఆవుపెయ్యనిచ్చాడు. పెద్దయ్య, "మిగతాదంతా ఆ మేస్త్రీ సైకిలే. ఈ సెక్రాలు మాత్రం నావి. ఇయ్యే నా ఈవి," అన్నాడు. ఇచ్చిన ఈవిని ఇంట్లోంచి తీసేస్తే నేస్తం తెగిపోయినట్టు. తెగితే ఎవరిచ్చింది వాళ్ళకి తిరిగి వెళ్ళిపోవాలి. అంతే, ఇంక జన్మలో మాటలుండవు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చక్రాలు తెచ్చాను. ఎందుకంటే అంతకు ముందు వానల్లో మా అయ్య కొండరోడ్డు ఘాటీ దిగుతుంటే ముందు చక్రం పుల్లలు తెగి, రిమ్ము కోడిగుడ్డులా సాగిపోయి, బస్తాతో సహా కాలవలో పడ్డాడు. చెయ్యి విరిగింది. ఆ ఏడాది చోళ్ళ కోత అమ్మ ఒక్కతే కోసింది. పెద్దయ్య వచ్చి కొత్త తీగలు వేసి పోయాడు గానీ ఆ చక్రం మళ్ళీ గుండ్రంగా తిరగలేదు. దాని మీదే అయ్య మళ్ళీ ఘాటీ దిగడం మొదలుపెట్టాడు. హాస్టల్లో పుస్తకం తెరిస్తే చాలు, నాకు ఆ చక్రమే కనబడేది.

సెలవులకి వచ్చినప్పుడు ఎవరూ చూడకుండా కొలత తీసుకున్నాను. రిమ్ము చుట్టూ నారతాడు చుట్టి ముడేశాను. ముందు ఫోర్కు సందుకీ వెనక సందుకీ రెండు వెదురు పుల్లలు సరిగ్గా కోసి పెట్టుకున్నాను. పట్నంలో సైకిలు షాపాయన ఆ పుల్లలు చూసి, "ఇది సైకిలా, ఎద్దుబండా?" అన్నాడు. కొండ మీద బస్తాలు మోసే సైకిలని చెప్పాను. "అయితే రిక్షా సరుకు వేస్తాను," అని గట్టి రిమ్ములు, లావు పుల్లలు, పొడుగు ఇరుసులు తీసి నా ఎదురుగానే కట్టాడు. నేను ట్యూషన్లు చెప్పి దాచుకున్నది దానికి సరిపోయింది. గాలి కూడా ఆయనే నిండా కొట్టాడు. కట్టడం పూర్తయిన రోజూ, కాలేజీ బోర్డు మీద నా నంబరు కనబడిన రోజూ ఒకటే. చూడండి, నా అదృష్టం!

ఒక చేతిలో గుడ్డల సంచీ, రెండో భుజానికి రెండు చక్రాలు తగిలించుకుని కిరండూల్ పాసింజరెక్కాను. శృంగవరపుకోటలో అల్లం అమ్ముకుని తిరిగొస్తున్న మా పక్క ఊరి అత్త ఒకామె ఖాళీ బుట్టతో ఎక్కి నా ఎదురుగా కూచుంది.

"ఏటే గుంటా, సెక్రాలట్టుకొచ్చినావు? బండేటైనా కడతావేటి?"

"మా అయ్య సైకిలుకి అత్తా. అత్తా, నేను బియ్యే..."

"మరి దానికున్న సెక్రాలో?"

"తీసేత్తాం. పాడైపోనాయి కదా."

అత్త నములుతున్న ఆకు నమలడం ఆపేసింది. "తీసేత్తారా? నేస్తం సెక్రాలు తీసేత్తారా?"

ఇంతలో సొరంగం వచ్చింది. చీకట్లో నా మాట రైలు చప్పుడులో కలిసిపోయింది. వెలుగొచ్చేసరికి అత్త నా ఎదురుగా లేదు. అవతలి బెంచీ మీద నలుగురు ఆడవాళ్ళ మధ్య కూచుని గుసగుసలాడుతోంది. వాళ్ళంతా నా వైపు తిరిగి తిరిగి చూస్తున్నారు. నేను ప్యాసైన సంగతి వాళ్ళకి చెబుతోంది కాబోలనుకుని, నేను కూడా వాళ్ళ వైపు చూసి నవ్వాను.

ఇంటికి చేరేసరికి పొద్దు కొండ వెనక్కి వాలుతోంది. అమ్మ వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. నన్ను చూసి నవ్వబోయి, చక్రాలు చూసి ఆగిపోయింది.

"అవేటే?"

"సెక్రాలమ్మా. అమ్మా, నేను..."

"ముందు లోపలెట్టు. బేగి ఎట్టు. ఎవులైనా సూసేరా?"

అప్పుడే మలుపు దగ్గర గలగలా గరగరా వినబడింది. అమ్మ అలవాటుగా లేచి కుండ పొయ్యి మీద పెట్టింది. అయ్య వచ్చి సైకిలు గోడకి చేరేసి, లోపలికొచ్చి, దీపం పక్కనున్న చక్రాల ముందు గొంతుక్కూచున్నాడు. ఇరుసు రెండు వైపులా పట్టుకుని ఒక చక్రాన్ని పైకెత్తి వేలితో తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది. తిరుగుతూనే ఉంది. అయ్య మొహంలో సంతోషం కనబడింది.

"ఇంత నున్నగా తిరుగుతాదేటి?"

"రేపు బిగించీద్దామా అయ్యా?"

చక్రాన్ని అరచేత్తో ఆపాడు. గోనె తీసి రెండింటి మీదా కప్పాడు. "నువ్వు తెచ్చినావు, బాగుంది గుంటా. బిగించడానికి మాత్రం అవ్వదు."

"మళ్ళీ పడిపోతావయ్యా."

"పడితే లెగుత్తాను. నేస్తం పోతే ఎక్కడ తెత్తాను?"

అయ్య కాళ్ళు కడుక్కుని వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "ఇవి నా సైకిలుకని ఎవులికైనా సెప్పినావేటి?"

"రైల్లో అల్లం అత్తకి."

అయ్యా అమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయితే సంతలో దండోరా ఏసినట్టే," అంది అమ్మ. ఆ రాత్రి అంబలి అందరం మాటల్లేకుండా తాగాం. అలాంటప్పుడు బియ్యే సంగతి ఎలా ఎత్తను?

తెల్లారి అమ్మ పేడనీళ్ళ తపేలాతో తలుపు తీసి "ఓలమ్మో!" అంది. నేనూ అయ్యా పరిగెత్తుకొచ్చాం. మా కంచె గుంజకి ఒక ఆవు కట్టి ఉంది. ఎర్రావు, నుదుట తెల్లచుక్క. పెద్దయ్య పశువుల సాలలోదే. తెల్లారకుండా పెద్దమ్మ తోలుకొచ్చి కట్టేసి, పిలవకుండా వెళ్ళిపోయింది. ఆ ఆవుకి మా బాధ ఏం తెలుసు? కంచె మీద పాకిన చిక్కుడు పాదుని పువ్వుతో సహా లాక్కుని నములుతోంది.

నేను తాడు విప్పబోయాను.

"ముట్టుకోకు!" అయ్య అంత గట్టిగా నన్నెప్పుడూ అదిలించలేదు. "ఆ తాడు మనం ముట్టుకుంటే మన ఈవి మనం ఎనక్కి తీసుకున్నట్టే. ఇంక తెగిపోనట్టే."

అందుకని ముగ్గురం నిలబడి, ఆవు మా పాదు తినడం చూస్తూ ఉండిపోయాం. "హా, హా" అని అమ్మ దూరం నుంచి గాలిలో చేతులూపింది. ఆవు తలెత్తి చూసి, ఇంకో తీగ లాక్కుంది.

ఆ రోజు డుంబ్రిగుడ సంత. అయ్య ఉప్పు బస్తా ఎత్తలేదు. సైకిలు వైపు చూడలేదు. అరుగు మీద కూచుని ఆవుని చూస్తున్నాడు. నేస్తం కట్టినప్పుడు తను ఇచ్చిన పెయ్య ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటున్నట్టున్నాడు.

"ఎల్లి సెప్పీ అయ్యా, సెక్రాలు బిగించనేదని."

"నాను ఎల్లకూడదు. ఈవి ఎనక్కొచ్చినాక ఆ గడప నాను తొక్కకూడదు."

అమ్మ మాత్రం చాట పట్టుకుని ఆవు చుట్టూ తిరుగుతోంది. ఉన్నట్టుండి అడిగింది. "ఏటయ్యా, ఇది మనమిచ్చిన ఆవేనా?"

"అది కాదే. అదెప్పుడో ముసిల్దై సచ్చిపోనాది. ఇది దాని కూతురి కూతురు."

"ముసిల్ది సచ్చిపోనప్పుడు నేస్తం తెగిపోనాదేటి?"

"ఏల తెగుతాది? దాని కడుపున పుట్టింది ఉంది కదా."

"ఎక్కడ పుట్టింది?"

"ఆల సాలలో. మరెక్కడ పుడతాది?"

అమ్మ చాట కింద పెట్టేసింది. "గుంటా, ఆ సెక్రాలెత్తుకో. నాతో రా."

"ఏటి సేత్తావే?" అన్నాడు అయ్య.

"నువ్వు ఆవుని సూసుకుంటూ కూకో. నువ్వు కదా ఆ గడప తొక్కకూడనిది? నాను తొక్కొచ్చు."

గెడ్డలో నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. అమ్మ చీర ఎగ్గట్టుకుని ముందు నడుస్తోంది. గోనెలో చుట్టిన చక్రాలు నెత్తిన పెట్టుకుని నేను వెనక. "అమ్మా, ఒక మాట..." అన్నాను. "ఇప్పుడు కాదే, నా నోట్లో మాటలు సెదిరిపోతాయి," అంది. మెల్లమెల్లగా ఏదో వల్లె వేసుకుంటూ నడిచింది. నేను పరీక్షకి వెళ్ళేటప్పుడు ఇలాగే ఉంటానని నవ్వొచ్చింది.

పెద్దయ్య కొలిమి చల్లగా ఉంది. సంత రోజు పొద్దున్న ఆ కొలిమి అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన గోడ వైపు తిరిగి కూచున్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, నా నెత్తిన ఉన్న గోనె చూసింది.

"సెక్రాలు తెచ్చిచ్చేరా? అలగే. ఆ మూలెట్టీసి ఎల్లండి."

"ఎట్టడానికి కాదు, సూపించడానికి తెచ్చేం," అని అమ్మ నా నెత్తి మీంచి గోనె దింపి విప్పింది. కొత్త రిమ్ములు ఎండకి తళతళలాడాయి. "ఇవి మీ సెక్రాలు కావు. మీ సెక్రాలు మా ఇంటికాడే ఉన్నాయి. ఇవి ఆటి పిల్లలు."

గోడ వైపు నుంచి పెద్దయ్య గొంతు వచ్చింది. "సెక్రాలకి పిల్లలేటి నేస్తురాలా?"

"ఆవుకి పుట్టనేదేటి బావా? మామిచ్చిన పెయ్య మీ సాలలో ఈనింది. ముసిల్ది పోతే నేస్తం తెగిపోనాదని మీరు సెప్పి పంపేరేటి? దాని కూతుర్ని సూపించి, ఇదిగో మీ ఈవి అన్నారు. మాం కాదన్నామా? మీరిచ్చిన సెక్రాలు మా ఇంట్లో ముసిలివైపోనాయి. మా ఇంటి గుంట ఈటిని తెచ్చింది. మా సాలలో పుట్టినట్టా కాదా, సెప్పు!"

పెద్దయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. ఆయన ఇటు తిరిగేసరికి తెలిసింది, నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఎన్నాళ్ళు మోసిందేటి కడుపుతోటి?"

"మూడేళ్ళు," అంది అమ్మ తడుముకోకుండా. "పట్నంలో మోసింది."

"మూడేళ్ళు పట్నం ఎల్లింది సదువుకి కదే గుంటా? సెక్రాలకేటి?"

"అదే పెద్దయ్యా!" ఇంక నా వల్ల కాలేదు. "అదే నిన్నట్నించి చెప్పాలని చూస్తన్నాను. నేను ప్యాసైపోయాను. బియ్యే ప్యాసైపోయాను!"

అమ్మ గిర్రున తిరిగింది. "ఏటీ? పాసైపోనావా? మరి నాకు సెప్పనేదేటే?"

"నువ్వెక్కడ చెప్పనిచ్చావమ్మా!"

"సెక్రాలు తెచ్చేనని సెప్పడానికి నోరొచ్చింది, ఇది సెప్పడానికి రానేదేటి!" అని నన్ను రెండు చేతులా దగ్గరికి లాక్కుని నెత్తి మీద మొట్టింది. మొట్టిన చోటే ముద్దు పెట్టుకుంది.

పెద్దయ్యకి మాత్రం లెక్క తేలాలి. "బియ్యే అంటే ఎంతదేటి? తాసిల్దారుకుంటాదే, అంతదా?"

"అంతే పెద్దయ్యా. అదే."

"దానికి పైన ఇంకేటీ నేదా?"

"ఉంది. ఎమ్మే అని."

"అయితే ఇంకా అవ్వనేదన్నమాట," అన్నాడు పెద్దయ్య. పెద్దమ్మ వెనక నుంచి, "ఉండనీవయ్యా, ఉన్నదానికి సంతోసించు ముందు," అని కసిరింది.

ఆయన లేచి వచ్చి ఒక చక్రం చేతిలోకి తీసుకున్నాడు. పుల్లల్ని ఒక్కొక్కటే గోటితో మీటాడు. అన్నీ ఒకే రకంగా మోగాయి. "ఎవుడో గానీ బాగా లాగేడు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అమ్మతో అన్నాడు. "ఆ ముందు సెక్రం సంగతి నాకు తెలీదేటి నేస్తురాలా? నేస్తం సెయ్యిరిగినప్పుడే తెలుసు. ఇంక దాని మీద ఎల్లొద్దని సెప్దామని ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో. ఇచ్చినోడు తీసీమనకూడదు. పుచ్చుకున్నోడు తియ్యకూడదు. ఇద్దరం అలగే నోరు మూసుకుని ఉండిపోనాం. నిన్న పొద్దుగూకినాక దారిలో ఎవులో, 'నీ నేస్తం నీ సెక్రాలు పీకీసి కొత్తవి ఏసీసుకున్నాడంట' అంటే..." ఆగిపోయాడు. "పీకీసినందుకు కాదు. సెప్పకుండా పీకీసినాడని."

"పీకనేదు బావా. గోనె కప్పి ఎట్టినాడు."

"అలగైతే పిల్లల్ని పుట్టిద్దాం పద," అని పనిముట్ల సంచీ అందుకున్నాడు.

మేం వచ్చేసరికి అయ్య అరుగు మీద అలాగే ఉన్నాడు. ఆవు కూడా అక్కడే ఉంది. చిక్కుడు పాదే లేదు. పెద్దయ్య అయ్య వైపు చూడకుండా నేరుగా ఆవు దగ్గరికి పోయి, తాడు విప్పి తన మొలకి కట్టుకున్నాడు.

"బాగా మేపినావు నేస్తం," అన్నాడు.

అయ్య లేచి నిలబడ్డాడు. తలపాగా తీసి మొహం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకోవడం మర్చిపోయి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏటలాగ సూత్తావు? నీ ఇంట్లో పురుడు. నీల్లు కాయించు."

"పురుడేటి?" అన్నాడు అయ్య. అమ్మకి నవ్వాగక లోపలికి పరిగెత్తింది.

చక్రాలు బిగించడం తేలిగ్గా అవ్వలేదు. వెనక చక్రం నా వెదురు పుల్ల కొలతకి సరిగ్గా దిగింది గానీ ముందు ఫోర్కు గాడిలో ఇరుసు పట్టలేదు. రిక్షా ఇరుసు లావు. పెద్దయ్య ఆకురాయితో గాడిని వెడల్పు చేస్తుంటే అయ్య ఫోర్కు పట్టుకున్నాడు. పెద్దయ్య వచ్చాక ఒక్క ముక్క తప్ప అనని మనిషి, రెండు చేతులకీ పని దొరికాక మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

"నేస్తం, ఇందులో గడ్డి నేదంట. ఉత్త గాలంట. గాలి మీద ఉప్పు బస్తా ఆగుతాదేటి?"

"మొత్తం రిక్షాలన్నీ దాని మీదే ఆగుతాయయ్యా," అన్నాను.

"గాలి పోతే?"

"మళ్ళీ కొడతాం."

"దేంతోటి?"

పంపు తేవాలని నాకు తట్టలేదు. పెద్దయ్య ధైర్యం చెప్పాడు. "నా కొలిమి తిత్తి నేదేటి? ఇనుముని ఎర్రగా సేసే గాలి, టైరుకి సాలదా?" తర్వాత ఒకసారి నిజంగానే ప్రయత్నించారు కూడా. ఇద్దరూ తిత్తి తొక్కి తొక్కి చెమటలు కక్కారు, టైరు మాత్రం కొంచెం కూడా ఉబ్బలేదు. చివరికి స్టేషను దగ్గర గాలి కొట్టే అతన్నే ఆశ్రయించాల్సొచ్చింది. ఆ రోజుకి మాత్రం పట్నం గాలి గట్టిగానే ఉంది.

పాత చక్రాల్లోంచి గడ్డి లాగి ఆవు ముందు వేశారు. అది వాసన చూసి మొహం తిప్పుకుంది. ఖాళీ చక్రాలు రెండూ పెద్దయ్యే తన చేత్తో మా చూరు వాసానికి వేలాడదీశాడు. "ముసిలోల్లు ఇంటికాడే ఉంటారు. ఎక్కడికీ ఎల్లరు," అన్నాడు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఒకదాంట్లో పిచ్చుక గూడు పెట్టింది.

అన్నీ అయ్యేసరికి పొద్దు నడినెత్తి దాటింది. పెద్దయ్య సైకిలు వెనక భాగాన్ని రెండు చేతుల్తో నొక్కి చూసి, "బస్తా ఎయ్యి. గుంటని కూడా ఎక్కించు. ఇద్దర్నీ మొయ్యకపోతే అది నా సెక్రాల పిల్లే కాదు," అన్నాడు. ఆయన ఆవుని తోలుకుని గెడ్డ వైపు, మేం సంత వైపు వెళ్ళాం.

ఆ సవారీ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఉప్పు బస్తా మీద కూచున్నాను. ఘాటీ దిగుతుంటే గాలి తప్ప మరో చప్పుడు లేదు. రోడ్డు పక్క గడ్డిలో పురుగుల కూత వినబడింది. లోయలో రైలు కూత వినబడింది. ఇన్నాళ్ళూ మా సైకిలు గోలలో ఇవన్నీ ఉన్నాయని నాకు తెలియదు. అయ్య మాత్రం మాటిమాటికీ కిందికి చూసుకుంటున్నాడు, చక్రాలున్నాయా లేవా అని.

సంతలోకి దిగాం. ఎప్పుడూ ఆ చప్పుడు వినగానే "ఉప్పాయన వచ్చీసినాడు" అని గిన్నెలూ బుట్టలూ పట్టుకుని వచ్చే జనం, ఈ రోజు ఒక్కరూ తల తిప్పలేదు. అయ్య సైకిలు ఆపి నిలబడ్డాడు. కాసేపు చూశాడు. మా పక్కనే చింతపండు కొంటున్న మనిషికి కూడా మేం వచ్చినట్టు తెలియలేదు.

"ఇప్పుడేటి సెయ్యాల?" అన్నాడు నాతో మెల్లిగా.

"కేకెయ్యాలయ్యా. అందరూ వేసినట్టు."

అయ్య గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. సిగ్గుతో మూసేశాడు. ఇన్నేళ్ళ సంతల్లో ఆయన ఒక్కసారి కూడా అరవలేదు మరి. మళ్ళీ తెరిచాడు. ఈసారి వచ్చింది, కొండకి కొట్టుకుని తిరిగొచ్చేంత గట్టిగా.

"మా గుంట పాసైపోనాది! బియ్యే పాసైపోనాది! తాసిల్దారు సదువు!"

సంతంతా ఇటు తిరిగింది. నేను బస్తా మీద అలాగే కూచుండిపోయాను. దిగడం కూడా తోచలేదు. అయ్య ఊపిరి తీసుకుని, మర్చిపోయినట్టు, "ఉప్పు!" అని కూడా అన్నాడు.

జనం మూగారు. ఉప్పు కొనేవాళ్ళు ఉప్పు కొంటున్నారు, చక్రాలు నొక్కేవాళ్ళు చక్రాలు నొక్కుతున్నారు, నన్ను చూసేవాళ్ళు నన్ను చూస్తున్నారు. వాళ్ళని తోసుకుంటూ అల్లం అత్త వచ్చింది.

"ఓలి గుంటా, రైల్లో నువ్వు సెప్పబోయింది ఇదేటి?"

"ఇదే అత్తా."

"మరి ముందు ఇది సెప్పాల కదే! సెక్రాలు అడ్డమెట్టుకుని కూకుంటే మనిసికి ఏటి కనబడతాది, ఏటి వినబడతాది?" అని నాకే చీవాట్లు పెట్టి, ఒక శేరు ఉప్పు కొలిపించుకుని, వెంటనే అవతలి వరసలోకి పరిగెత్తింది. ఈసారి ఏం చెప్పడానికి పోతోందో నాకు తెలుసు. పోనిచ్చాను.

ఆ రోజు అలవాటైన కేక అయ్య ఇంక మానలేదు. దారిలో పడ్డ ప్రతి పల్లె దగ్గరా సైకిలు దిగి అరిచాడు. ఉప్పు అయిపోయాక కూడా అరిచాడు. తిరిగి వచ్చేటప్పుడు మా కొండ మలుపులో చీకటి పడుతుండగా, అక్కడ ఒక్క మనిషీ లేకపోయినా, హ్యాండిలు మీద చెయ్యి వేసి నిలబడి, "మా గుంట పాసైపోనాదోయ్!" అని కేకేశాడు.

మా ఇంట్లో అమ్మ అది విని, అంబలి కుండ పొయ్యి మీద పెట్టింది.